పికప్ ట్రక్కుకి ఫ్యూయల్ రీకాల్: విన్ నంబరు నుంచి రిపేరు కాగితం దాకా

నా ట్రక్కు రీకాల్ ఉత్తరం, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలిచే ఉత్తరం, నేను ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ ఉంటున్న అబ్బాయి కూడా మనవాడే. కవరు మీద ఇంటిపేరు చూసి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాడు కాబట్టి సరిపోయింది. అప్పటికి ఆ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు. ఈలోగా నేను అదే బండిలో, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, డాలస్ నుంచి హ్యూస్టన్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఇంధన పంపు ఎప్పుడైనా ఆగిపోవచ్చు, జాగ్రత్త అని ఆ ఉత్తరంలో ఉంది!

అమెరికాలో రీకాల్ ఉత్తరాలు బండి రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసుకి వెళ్తాయి. లీజు అయిపోగానే అపార్ట్‌మెంటు మారేవాళ్ళం, ఉద్యోగంతో పాటు రాష్ట్రమే మారేవాళ్ళం మనం. అడ్రసు మార్పించడం అన్నిటికన్నా చివర గుర్తొస్తుంది. అందుకని ఉత్తరం వస్తే చూద్దాంలే అని కూర్చోవద్దు. బండి గుర్తింపు నంబరు (విన్) మీ దగ్గరే ఉంది, వెతికితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాత ఏం చేయాలో ఈ వ్యాసంలో వరసగా రాశాను. నేను తప్పులు చేసిన చోట కాస్త ఎక్కువ రాశాను.

అసలు ఏది రీకాల్, ఏది కాదు

ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తయారీ కంపెనీ తేల్చుకుంటే, ఐదు పనిదినాల్లో ఆ సంగతి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే కేంద్ర రోడ్డు భద్రతా సంస్థకి రాతపూర్వకంగా చెప్పాలి. అందరూ దాన్ని నిట్సా అనే పలుకుతారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. ఆ తర్వాత 60 రోజుల్లో యజమానులకి ఉత్తరాలు పంపాలి. రిపేరు ఉచితం. బండి మొదటిసారి అమ్ముడైన రోజు నుంచి 15 ఏళ్ళ వరకు ఈ హక్కు ఉంటుంది. వారంటీ అయిపోయినా, మీరు రెండో మూడో యజమాని అయినా, వేరే రాష్ట్రంలో కొన్నా తేడా లేదు. ఆ బ్రాండు అధీకృత డీలర్ ఎవరైనా చేసి ఇవ్వాలి.

సర్వీస్ బులెటిన్ అనేది వేరే సంగతి. 'ఈ సమస్య వస్తే ఇలా రిపేరు చేయండి' అని కంపెనీ మెకానిక్‌లకి పంపే కాగితం అది. వారంటీ దాటితే ఆ రిపేరుకి డబ్బు మీరే కట్టాలి. కొన్నిసార్లు కంపెనీలు 'కస్టమర్ సంతృప్తి కార్యక్రమం' లాంటి పేరుతో ఒక భాగానికి వారంటీ పొడిగిస్తాయి. మంచిదే, కానీ అదీ రీకాల్ కాదు, దానికి గడువు తేదీ ఉంటుంది. డీలర్ కౌంటర్లో ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. 'ఇది సేఫ్టీ రీకాలేనా, నిట్సా నంబరు ఎంత?' అని ఒక్క ప్రశ్న వేయండి. నంబరులో మొదటి రెండు అంకెలు సంవత్సరం, ఆ తర్వాత 'వి' అక్షరం ఉంటే వాహనానికి సంబంధించిన రీకాల్. 'ఈ' ఉంటే విడి పరికరాలకి, 'టీ' ఉంటే టైర్లకి.

మొదటి పని: విన్ నంబరు

డ్రైవర్ వైపు విండ్‌షీల్డ్ అడుగు మూలన, డ్యాష్‌బోర్డు మీద చిన్న పలక ఉంటుంది. బండి బయట నిలబడి అద్దంలోంచి చూస్తేనే కనిపిస్తుంది. డ్రైవర్ తలుపు తెరిచినప్పుడు పక్కన కనిపించే స్టిక్కర్ మీద కూడా ఉంటుంది, నాకు ఇదే సులువు. ఇన్సూరెన్స్ కార్డు మీదా దొరుకుతుంది. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అంటే మీకు 'ఓ'లా కనిపించేది సున్నాయే. పదో స్థానంలో ఉండేది మోడల్ సంవత్సరం.

స్టిక్కర్‌ని ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ స్టిక్కర్ మీదే బండి ఏ నెలలో తయారైందో కూడా ఉంటుంది. రీకాల్ రిపోర్టుల్లో 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తయారైనవి' అని రాస్తారు. ఒకే మోడల్, ఒకే సంవత్సరం అయినా మీ పక్కింటాయన ట్రక్కు రీకాల్‌లో ఉండి మీది లేకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

వెతకడం

నిట్సా వెబ్‌సైట్‌లో రీకాల్స్ పేజీకి వెళ్ళి 17 అక్షరాలూ కొట్టండి. నెట్ అలవాటు లేని పెద్దవాళ్ళయితే 888-327-4236కి ఫోన్ చేయొచ్చు. సేఫర్‌కార్ అనే వాళ్ళ యాప్‌లో బండి ఒకసారి నమోదు చేస్తే కొత్త రీకాల్ వచ్చినప్పుడు ఫోన్‌కి కబురు వస్తుంది. నా ఉత్తరం కథ తర్వాత నేను మొదట చేసింది ఇదే.

'సున్నా' అని వస్తే వెంటనే మురిసిపోవద్దు. అక్కడ చూపించేది ఇంకా రిపేరు కాని రీకాల్స్ మాత్రమే, అదీ గత 15 ఏళ్ళవి. అప్పుడే ప్రకటించిన రీకాల్ అయితే ఏయే విన్ నంబర్లు అందులోకి వస్తాయో కంపెనీ ఇంకా ఎక్కించి ఉండకపోవచ్చు. వార్తల్లో మీ మోడల్ పేరు వినిపించింది, సైట్లో సున్నా చూపిస్తోంది అంటే రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ చూడండి. ఈలోగా కంపెనీ సొంత సైట్లో కూడా విన్ కొట్టి చూడండి. గడియారం మార్చే రోజున పొగ అలారం బ్యాటరీ మార్చుకున్నట్టు, ఏడాదికి రెండుసార్లు ఈ పని పెట్టుకుంటే చాలు.

ఇంకో చిన్న మెలిక. కొన్ని రీకాల్స్ కొన్ని రాష్ట్రాలకే. 2011లో ఫోర్డ్ సుమారు 11 లక్షల పాత పికప్‌లని వెనక్కి పిలిచింది, ఎక్కువ భాగం 1997 నుంచి 2004 దాకా మోడల్ ఎఫ్-150లు. ఇంధన ట్యాంకుని కింద నుంచి పట్టుకుని ఉండే స్టీలు పట్టీలు తుప్పు పట్టి తెగితే ట్యాంకు జారిపోతుంది, నేలకి రాసుకుంటుంది, ఇంధనం కారుతుంది. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పే ఆ తుప్పుకి మూలం కాబట్టి, ఆ రీకాల్ ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లకి పెట్టారు. షికాగోలో పదేళ్ళు తిరిగిన ట్రక్కు ఇప్పుడు టెక్సస్ ఎండలో నిలబడి ఉన్నంత మాత్రాన ఆ తుప్పు పోదు కదా. చలి రాష్ట్రంలో తిరిగిన బండి కొంటే కిందికి వంగి పట్టీలు ఒకసారి చూడండి. పొలుసులుగా ఊడుతున్న తుప్పు కళ్ళకి కనిపిస్తుంది.

రిపోర్టు చదవండి, ఉత్తరం చాలదు

ఉత్తరంలో విషయం క్లుప్తంగా ఉంటుంది. అసలు వివరం కంపెనీ నిట్సాకి ఇచ్చిన లోపం రిపోర్టులో ఉంటుంది. రీకాల్ నంబరు కింద ఉన్న పత్రాల్లో అది దొరుకుతుంది, రెండు మూడు పేజీలే. అందులో నాలుగు విషయాలు పట్టుకోండి: లోపం ఏ భాగంలో, లోపం ఉన్నట్టు అంచనా వేసిన బండ్లు ఎంత శాతం, ముందస్తు గుర్తులు ఏమిటి, రిపేరు సిద్ధంగా ఉందా లేదా.

2025 జూలైలో ఫోర్డ్ ఇచ్చిన ఇంధన పంపు రీకాల్‌నే చూడండి. ఎఫ్-150తో పాటు పెద్ద సూపర్ డ్యూటీ పికప్‌లు, బ్రాంకో, ఎక్స్‌ప్లోరర్, మస్టాంగ్ లాంటివన్నీ కలిపి సుమారు 8.5 లక్షల బండ్లు. ట్యాంకు లోపల ఉండే తక్కువ ఒత్తిడి పంపు పనిచేయడం మానేస్తే నడుస్తున్న ఇంజను ఆగిపోవచ్చు. లోపం నిజంగా ఉండేది అందులో సుమారు 10 శాతంలోనని కంపెనీ అంచనా. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ కాకపోవచ్చు, కానీ ఆ ఒక్కరు ఎవరో చెప్పలేరు. వేడి వాతావరణంలో, ట్యాంకులో ఇంధనం తక్కువ ఉన్నప్పుడు పంపు మొరాయించే అవకాశం ఎక్కువ. ఇంజను గరగరలాడుతూ నడవడం, శక్తి తగ్గడం, చెక్ ఇంజన్ దీపం వెలగడం ముందస్తు గుర్తులు. రీకాల్ ప్రకటించిన నాటికి రిపేరు పద్ధతి ఇంకా సిద్ధం కాలేదు.

ఈ నాలుగు ముక్కలు చదివితే మీరు ఏం చేయాలో సగం తేలిపోతుంది. ఆగస్టు ఎండ, పావు ట్యాంకు కన్నా తక్కువ గ్యాస్ (పెట్రోలు), ఊరి బయట హైవే: ఈ మూడూ కలవకుండా చూసుకుంటే రిపేరు అయ్యేదాకా రిస్కు బాగా తగ్గుతుంది. ఉత్తరం చదివి భయపడి బండి మూలన పెట్టేవాళ్ళనీ చూశాను, చెత్తబుట్టలో పడేసేవాళ్ళనీ చూశాను. ఇద్దరూ చదవనిది రిపోర్టే.

ఇంధనం కారుతుందా, బండి ఆగుతుందా, పంపు అరుగుతుందా

ఇంధన వ్యవస్థ రీకాల్స్ అన్నీ ఒకటి కాదు. నా లెక్కలో మూడు రకాలు. మీది ఏ రకమో తెలిస్తేనే జాగ్రత్త ఏమిటో తెలుస్తుంది.

మొదటిది కారడం. అన్నిటికన్నా దీనికే భయపడాలి. 2023 ఆగస్టులో టొయోటా 2022, 2023 మోడల్ టండ్రాల్ని, హైబ్రిడ్‌తో సహా, సుమారు 1,68,000 వెనక్కి పిలిచింది. ఒక ప్లాస్టిక్ ఇంధన గొట్టం కదిలి బ్రేకు గొట్టానికీ బాడీ అడుగు భాగానికీ రాసుకుని అరిగిపోవచ్చని, ఇంధనం కారొచ్చని కారణం చెప్పారు. మెరుగుపరిచిన గొట్టం దొరికేలోగా డీలర్లు గొట్టానికి రక్షణ తొడుగు, క్లాంపు ఉచితంగా వేసే ఏర్పాటు చేశారు. తాత్కాలిక రిపేరు అంటే ఇదే. ఇలాంటిది ఉందని తెలిస్తే 'అసలు పార్టు వచ్చాక ఒకేసారి వెళ్దాం' అనుకోకండి, రెండుసార్లూ వెళ్ళండి.

కారుతోందో లేదో ఎలా తెలుస్తుంది? మన ఎండలో ఏసీ నీళ్ళు బండి కింద మడుగు కడతాయి, చాలామంది దాన్ని చూసి హడలిపోతారు. ఆ నీటికి వాసన ఉండదు. గ్యాసోలిన్ దానికి పూర్తిగా ఎదురు: మడుగు నిమిషాల్లో ఆవిరైపోతుంది, వాసన మాత్రం ముక్కుని వదలదు. ఇంట్లో కాదు, బయట డ్రైవ్‌వేలో, ట్రక్కు అడుగున వెడల్పాటి అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. అట్ట మీద మరక ట్యాంకు వైపు ఉందా, ఇంజను వైపు ఉందా అన్నది మెకానిక్‌కి చాలా పనికొస్తుంది.

గ్యారేజీ తలుపు తీయగానే వాసన కొడితే? ఇక్కడ తొందర పనికిరాదు. గ్యాసోలిన్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద నీళ్ళలా పాకుతుంది. చాలా ఇళ్ళలో వాటర్ హీటర్ కూడా గ్యారేజీలోనే ఉంటుంది, దాని అడుగున చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. కాబట్టి బండి స్టార్ట్ చేయొద్దు, లైటు స్విచ్ వేయొద్దు, తలుపు మోటారు బటన్ నొక్కొద్దు. ఇంట్లోవాళ్ళని బయటికి తీసుకొచ్చి, దూరంగా నిలబడి 911కి ఫోన్ చేయండి. తర్వాత బండి కదలాల్సింది టో ట్రక్కు మీదే. రీకాల్ ఉత్తరంలోనే 'ఇంటి బయట నిలపండి' అనో 'నడపొద్దు' అనో రాసి ఉంటే అందులో బేరం లేదు. మాకు గ్యారేజీలో వడ్ల బస్తాలు లేవుగా అని జోకులేసే స్నేహితులుంటారు. పైన పడకగది ఉందన్న సంగతి వాళ్ళకి గుర్తుచేయండి.

రెండోది ఆగిపోవడం. ఫోర్డ్ పంపు ఈ రకం. 2020లో మొదలైన డెన్సో అనే విడిభాగాల కంపెనీ పంపుల రీకాల్ కూడా ఇదే. టొయోటా టకోమా, టండ్రా పికప్‌లు కూడా అందులో ఉన్నాయి. పంపు లోపల ఇంపెల్లర్ అనే చిన్న ప్లాస్టిక్ చక్రం తిరుగుతూ ఇంధనాన్ని ముందుకి తోస్తుంది. ఆ ప్లాస్టిక్ సాంద్రత తక్కువగా తయారైన చోట చిన్న చిన్న పగుళ్ళు వచ్చి, ఇంధనాన్ని పీల్చుకుని ఉబ్బింది. నానబెట్టిన శనగలా అనుకోండి. ఉబ్బిన చక్రం చుట్టూ ఉన్న గోడకి తగిలి తిరగడం మానేస్తుంది. చేతిలో పట్టే ఆ బిళ్ళ కోసం ప్రపంచమంతటా లక్షల బండ్లు షెడ్డుకి వెళ్ళాయి.

ఈ రకంలో మంట భయం తక్కువ, హైవే భయం ఎక్కువ. రిపేరు అయ్యేదాకా ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. ఎడమ లేన్లో వద్దు, రోడ్డు కుడి అంచుకి దగ్గరగా నడపండి. ట్రైలర్ లాగే పని వాయిదా వేయండి. నిజంగానే ఇంజను ఆగితే హజార్డ్ లైట్లు వేసి, మిగిలిన వేగంతోనే పక్కకి తీయండి. స్టీరింగ్ బరువెక్కొచ్చు, రెండు చేతులా గట్టిగా తిప్పండి. బ్రేకుని పంపు కొట్టినట్టు పదేపదే తొక్కొద్దు. ఇంజను ఆగాక బ్రేకుకి మిగిలే సాయం ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది, అందుకని ఒకే పట్టున గట్టిగా తొక్కి ఉంచండి. ఆగాక ట్రాఫిక్ లేని వైపు తలుపులోంచి దిగి, రెయిలింగ్ అవతల నిలబడండి. బండిలో కూర్చుని డీలర్‌కి ఫోన్ చేసే సమయం కాదు అది.

మూడోది డీజిల్ ట్రక్కుల జబ్బు. అధిక ఒత్తిడి పంపుని తడిగా ఉంచే నూనె డీజిలే, వేరే నూనె ఉండదు. పంపు లోపల ఇనుము ఇనుముకి రాసుకుంటే పొడి రాలుతుంది. ఆ పొడి ఇంధనంతో పాటు గొట్టాల్లోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది. ఒక పంపు చెడిందనుకుంటే మొత్తం ఇంధన వ్యవస్థ మార్చాల్సి వస్తుంది. 2021 చివర్లో 2019, 2020 మోడల్ రామ్ బ్రాండు డీజిల్ పికప్‌లు, కమిన్స్ 6.7 లీటర్ ఇంజనువి, సుమారు 2.2 లక్షలు ఈ కారణంతోనే రీకాల్ అయ్యాయి. అందులో బాష్ కంపెనీ సీపీ4 రకం పంపు ఉండేది. ఈ తరహా పంపున్న ఏ బండికైనా ఇంధన ఫిల్టరు మార్చినప్పుడు పాతదాన్ని తెల్లటి కాగితం మీద వంచి చూడమని మెకానిక్‌ని అడగండి. వెండి పొడిలా మెరిసే రేణువులు కనిపిస్తే ఇక బండి స్టార్ట్ చేయకుండా టో చేయించండి. ఆ స్థితిలో నడిపే ప్రతి మైలూ బిల్లుకి ఒక సున్నా కలుపుతుంది.

డీలర్‌కి ఫోన్ చేసేటప్పుడు

'రీకాల్ ఉందంట కదా' అని మొదలుపెడితే 'పార్టులు లేవండీ' అనే సమాధానం వస్తుంది. విన్, రీకాల్ నంబరు ముందు చెప్పండి. తర్వాత అడగాల్సినవి: శాశ్వత రిపేరు వచ్చిందా, లేకపోతే తాత్కాలికమైనదేమైనా ఉందా? పార్టు నా బండి పేరు మీద ఆర్డర్ పెట్టగలరా? ఎన్ని గంటలు పడుతుంది, లోనర్ బండి (రిపేరు అయ్యేదాకా వాడుకోవడానికి ఇచ్చే బండి) ఇస్తారా? లోనర్ ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, కానీ చాలా రీకాల్స్‌లో కంపెనీ ఆ ఖర్చు భరిస్తుంది. అడిగినవాళ్ళకే ఇస్తారు, అడగనివాళ్ళకి గుర్తుచేయరు.

మాట్లాడాక అదే విషయం ఒక ఈమెయిల్‌గా పంపండి. 'ఈ రోజు మీతో మాట్లాడాను, పార్టు లేదన్నారు, వచ్చాక ఫోన్ చేస్తామన్నారు' అని రెండు వాక్యాలు చాలు. బండి అప్పగించిన 60 రోజుల్లోగా సరిగ్గా బాగుచేయలేకపోతే అది సహేతుకమైన గడువులో చేయనట్టేనని చట్టం ప్రాథమికంగా ఎంచుతుంది. అప్పుడు బండి మార్చి ఇవ్వమని, లేదా వాడకానికి తగ్గ మొత్తం మినహాయించుకుని మిగతా డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగే దారి తెరుచుకుంటుంది. ఆ లెక్కకి తేదీలున్న కాగితమే ఆధారం.

ఒక డీలర్ ఆరు వారాలు అంటే ఇరవై మైళ్ళ అవతల ఇంకొకరు వచ్చే మంగళవారం రమ్మనొచ్చు. నాకు అలాగే జరిగింది. నగరం మధ్యలో షోరూములు కిటకిటలాడుతుంటే, పల్లె వైపు డీలర్ దగ్గర లిఫ్టు ఖాళీ.

బండి అప్పగించే రోజు

పికప్‌లో పంపుని ట్యాంకు పైభాగం నుంచి లోపలికి దించి బిగిస్తారు. దాన్ని తీయాలంటే ట్యాంకుని కిందికి దించాలి, లేకపోతే వెనక బెడ్డునే, అంటే సామాన్లు వేసే తొట్టినే, పైకి లేపాలి. అందుకని బెడ్డులో బిగించిన టూల్‌బాక్స్, టోపీలా పెట్టే కవరు, సామాన్లు ముందే తీసేయండి. నేను తీయలేదు. 'ఇవి తీసి పెట్టడం రీకాల్‌లోకి రాదు' అని సర్వీస్ అడ్వైజర్ నవ్వుతూ ఒక గంట లేబర్ చార్జి చెప్పాడు. చివరికి పార్కింగ్‌లో స్పానర్ అడిగి తీసుకుని నేనే విప్పుకున్నాను, చొక్కా మొత్తం గ్రీజు.

ట్యాంకులో గ్యాస్ సంగతి కాస్త తిరకాసు. దించేటప్పుడు ట్యాంకు తేలిగ్గా ఉంటే మెకానిక్‌కి సుఖం. కానీ ఇంధనం తక్కువైతేనే పంపు ఆగే రకం రీకాల్ మీదైతే ఖాళీ ట్యాంకుతో హైవే ఎక్కడం తెలివితక్కువ పని. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఎంత ఉంచాలో అడగండి. ఏం చెప్పినా సరే, దూరం ఎక్కువైతే నింపుకునే వెళ్ళండి. ట్యాంకు ఖాళీ చేసుకోవడం వాళ్ళ పని.

వచ్చేటప్పుడు రిపేరు కాగితం అడిగి తీసుకోండి. అందులో రీకాల్ నంబరు, మార్చిన పార్టు నంబరు, తేదీ, మైలేజీ, మీరు కట్టింది సున్నా అని ఉండాలి. 'ఎలాగూ ట్యాంకు దించాం కదా, ఇంజెక్టర్ క్లీనింగ్ చేయించేయండి' అని అమ్మే ప్రయత్నం జరుగుతుంది, అవసరం లేదు. బయటికొచ్చే ముందు స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉండి, ట్యాంకు వైపు నిలబడి వాసన చూడండి. సీలు సరిగ్గా కూర్చోకపోతే అక్కడే తెలిసిపోతుంది. రెండు వారాల తర్వాత విన్ మళ్ళీ కొట్టి, రీకాల్ జాబితా నుంచి పోయిందో లేదో చూసుకోండి.

ముందే డబ్బు పెట్టి ఉంటే

రీకాల్ ప్రకటించకముందే మీ పంపు పోయి, బయట మెకానిక్ దగ్గర వందల డాలర్లు పోసి మార్పించి ఉండొచ్చు. ఆ డబ్బు తిరిగి అడగొచ్చు. అదే లోపానికి, కంపెనీ చెప్పిన కాలపరిమితిలో చేయించి ఉండాలి. ఎలా అడగాలో, ఎక్కడికి పంపాలో రీకాల్ ఉత్తరంలోనే రాస్తారు. రసీదు మీద విన్, తేదీ, మార్చిన భాగం పేరు, మీరు డబ్బు కట్టినట్టు రుజువు ఉండాలి. 'ఫ్యూయల్ రిపేరు, 900 డాలర్లు' అని చేత్తో రాసిచ్చిన చీటీతో పని కాదు. రిపేరు చేసినవాణ్ణి బతిమాలైనా వివరంగా బిల్లు రాయించుకోండి. జిరాక్సులు పంపి అసలువి మీ దగ్గరే ఉంచండి.

ఎవరూ పట్టించుకోకపోతే

డీలర్ తిప్పుతూ ఉంటే కంపెనీ కస్టమర్ విభాగానికి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోండి. దానికీ కదలిక లేకపోతే నిట్సాలో ఫిర్యాదు. రీకాలే లేని లోపం మీ బండిలో కనిపించినా ఫిర్యాదు చేయాల్సింది ఇక్కడే. నిట్సా మీ తరఫున వెళ్ళి డీలర్‌తో పోట్లాడదు. కానీ ఒకే రకం ఫిర్యాదులు గుట్టపడితే దర్యాప్తు మొదలుపెడుతుంది. అందుకని కోపం తగ్గించి వివరం పెంచండి. 'చెత్త బండి, మోసం' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'మధ్యాహ్నం 3 గంటలకి, గంటకి 65 మైళ్ళ వేగంతో, 41,000 మైళ్ళ దగ్గర, ట్యాంకు పావు వంతు ఉండగా, బయట 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, దీపం ఏదీ వెలగకుండానే ఇంజను ఆగింది' అని రాస్తే ఇంజనీరుకి అది ఆధారం.

అన్ని దర్యాప్తులూ రీకాల్‌తో ముగియవు. 1973 నుంచి 1987 వరకు జనరల్ మోటార్స్ చేసిన సీ/కే పికప్‌లలో ఇంధన ట్యాంకులు ఛాసిస్ పట్టాలకి బయట, బండి పక్కల వేలాడేవి. పక్క నుంచి ఇంకో బండి గుద్దితే ముందు నలిగేది ట్యాంకే. 1994 అక్టోబరులో రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఇది లోపమేనని ప్రకటించారు. డిసెంబరుకల్లా కంపెనీ భద్రతా కార్యక్రమాలకి 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది, రీకాల్ మాత్రం జరగలేదు. ఈ పాత బండ్లని ముద్దుగా చూసుకునేవాళ్ళు టెక్సస్‌లో ఇప్పటికీ ఉన్నారు. సరదాకి ఒకటి కొందామనుకునేవాళ్ళు, విన్ కొడితే సున్నా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు.

పాత ట్రక్కు కొన్నా, అద్దెకి తీసుకున్నా

కొత్త బండిని రీకాల్ రిపేరు చేయకుండా కొనుగోలుదారు చేతికి ఇవ్వకూడదు. పాత బండికి ఆ నియమం కేంద్ర చట్టంలో లేదు. డీలర్ అయినా, ఆన్‌లైన్‌లో అమ్మే మనిషి అయినా రీకాల్ పెండింగ్‌లో ఉన్న ట్రక్కుని అమ్మేయొచ్చు. కొత్తగా వచ్చిన స్టూడెంట్ పిల్లలు ఎక్కువగా ఇలాంటి బండ్లే కొంటారు. తమ్ముడూ, అడ్వాన్స్ ఇచ్చేముందు విన్ ఫోటో పంపమని అడుగు. పంపనంటే ఆ బండి వద్దు. పెండింగ్ ఉంటే కొనకూడదని కాదు, రిపేరు వాళ్ళతోనే చేయించి కాగితం చేతిలో పెట్టాకే డబ్బు ఇవ్వు. కొన్నాక కంపెనీ సైట్లో యజమానిగా నీ పేరు, అడ్రసు ఎక్కించు. లేకపోతే ఉత్తరాలన్నీ పాత ఓనరుకే పోతాయి.

అద్దె బండి విషయంలో కొంత నయం. 35 కన్నా ఎక్కువ బండ్లున్న అద్దె కంపెనీలు రీకాల్ పెండింగ్ ఉన్నవాటిని అద్దెకివ్వకూడదని 2015లో చట్టం చేశారు. అది 10,000 పౌండ్ల లోపు బరువు సామర్థ్యం ఉన్న బండ్లకే. ఇల్లు మారేటప్పుడు తీసుకునే పెద్ద ట్రక్కుకి అది వర్తించకపోవచ్చు కాబట్టి అక్కడ కూడా తలుపు స్టిక్కర్ ఫోటో తీసి విన్ కొట్టండి.

ఇంటి దగ్గర అమ్మానాన్నల కారు

డెన్సో పంపు గురించి చదివి నేను ముందు ఫోన్ చేసింది గుంటూరుకి. ఇంధన పంపు ఇంపెల్లర్ లోపంతోనే హోండా ఇండియాలో 2020లో 65,651 కార్లు, 2021లో 77,954 కార్లు వెనక్కి పిలిచింది. ఇంధన పంపు కారణంగానే మారుతి 2020 జూలైలో వ్యాగన్ఆర్, బలెనో కలిపి 1,34,885 కార్లు పిలిచింది. అక్కడ 2012 నుంచి కంపెనీల స్వచ్ఛంద పద్ధతి ఉండేది. 2019 మోటారు వాహనాల సవరణతో, 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించే వీలొచ్చింది. ఏడేళ్ళలోపు బండ్లకి ఇది వర్తిస్తుంది, కంపెనీకి జరిమానా కోటి రూపాయల దాకా ఉంటుంది.

అక్కడ విన్ అని అడిగితే ఇంట్లోవాళ్ళకి అర్థం కాదు, ఆర్సీలో 'చాసిస్ నంబరు' ఫోటో తీసి పంపమనండి. అదే ఇది. ఆ నంబరుని కంపెనీ సైట్లోని రీకాల్ పేజీలో మీరే ఇక్కడినుంచి కొట్టి చూడొచ్చు. మా నాన్న 'బండి బానే నడుస్తోంది కదరా, ఎందుకు టెన్షన్' అన్నారు. షోరూముకి నేనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ పెట్టి, డ్రైవర్‌ని పంపాను. మధ్యాహ్నానికల్లా పంపు మార్చి ఇచ్చేశారు. రూపాయి తీసుకోలేదని సాయంత్రం నాన్న మూడుసార్లు చెప్పారు.